వాక్కాయ అనుకుని చేస్తే క్రాన్‌బెర్రీ కాక్‌టెయిల్ కుదురుతుంది

నవంబర్ వచ్చిందంటే ఇక్కడ న్యూజెర్సీలో ఏ కిరాణా షాపుకి వెళ్లినా కూరగాయల వైపు ఎర్రగా మెరుస్తూ క్రాన్‌బెర్రీ సంచులు గుట్టలుగా కనబడతాయి. కొత్తగా వచ్చిన ఏడాది చెర్రీల్లాంటివేమో అనుకుని కారులోనే ఒకటి కొరికి చూశాను. ముందు పులుపు, ఆ వెనకే నాలుక పట్టేసే వగరు, కళ్లు మూసుకుపోయాయి. కానీ ఆ రుచి ఎక్కడో తెలిసినదే అనిపించి, ఇంటికి వచ్చేలోపు గుర్తొచ్చింది: వాక్కాయ! తర్వాత తెలిసిందేంటంటే ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలామంది ఈ కాయతోనే పప్పు, పచ్చడి, పులిహోర కూడా చేసేస్తున్నారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, డిసెంబర్ పార్టీల్లో మనవాళ్లు ఇచ్చే క్రాన్‌బెర్రీ కాక్‌టెయిల్ పది చోట్ల తాగితే ఎనిమిది చోట్ల దగ్గుమందులా ఉంటుంది. డబ్బా జ్యూస్, తియ్యటి వైన్, పైన ఇంకో తియ్యటి లిక్కర్, అన్నీ కలిపేస్తారు. వాక్కాయని మనం ఎలా చూస్తాం? దాని పులుపే దాని అందం, కాస్త ఉప్పూ కారం లేదా బెల్లం వేసి దాన్ని దారిలో పెడతాం అంతే, పులుపుని చంపం. ఇక్కడా అదే పని. తీపి అంతా పాకంలో మన చేతిలో ఉండాలి, వైన్‌లో అసలు ఉండకూడదు.

అందుకని ముందు సీసా సంగతి, అంటే ఇందులో పోసే బుడగల వైన్ (స్పార్క్లింగ్ వైన్) సంగతి. షాంపేన్ కొనకండి, దండగ. అది ఫ్రాన్స్‌లో షాంపేన్ అనే ప్రాంతంలో సీసాలోనే రెండోసారి పులియబెట్టి చేసే వైన్, ఆ ఖరీదంతా పెట్టి దాని సున్నితమైన రుచి మీద క్రాన్‌బెర్రీ పోస్తే ఏమీ మిగలదు. స్పెయిన్ వాళ్ల కావా కూడా అదే పద్ధతిలో చేస్తారు, చాలా చవక, నాకు ఈ పనికి అదే ఇష్టం. ఇటలీ వాళ్ల ప్రొసెక్కో పెద్ద ట్యాంకుల్లో పులియబెడతారు, కొంచెం పళ్ల వాసన ఎక్కువ, అదీ బాగానే ఉంటుంది. ఏది కొన్నా లేబుల్ మీద ‘బ్రూట్’ అని ఉందో లేదో చూడండి. బ్రూట్ అంటే లీటరుకి 12 గ్రాములకి మించి చక్కెర ఉండదు. వైన్ భాషలో డ్రై అంటే తీపి లేనిది కదా, ‘ఎక్స్‌ట్రా డ్రై’ అని రాసి ఉన్నది చూసి నేను ఒకసారి ఇదే అన్నిటికన్నా తీపి తక్కువది అనుకుని నాలుగు సీసాలు తెచ్చాను, తీరా చూస్తే అందులో లీటరుకి 12 నుంచి 17 గ్రాముల దాకా ఉంటుందట, అంటే బ్రూట్ కన్నా తీపి! ఆ పేరు ఎవరు పెట్టారో గానీ మోసం.

ఇక పాకం. ఇక్కడ క్రాన్‌బెర్రీ సంచి 340 గ్రాములు ఉంటుంది, అందులోంచి 100 గ్రాములు, అంటే సుమారు ఒక కప్పు చాలు. మెత్తబడినవి, ముడతలు పడినవి ఏరి పారేయండి. అనుమానంగా ఉంటే గట్టు మీద ఒకటి వదిలి చూడండి, మంచి కాయ బంతిలా ఎగురుతుంది, లోపల గాలి గదులు ఉంటాయి కాబట్టి. ఆ గాలి వల్లే నీళ్లలో తేలుతాయి కూడా. టీవీలో పొలం నిండా నీళ్లు పెట్టి, ఎర్ర తివాచీ పరిచినట్టు కాయలు తేలుతుంటే మనుషులు నడుముదాకా దిగి నెడుతూ కనిపిస్తారు చూడండి, అదే. అలా నీళ్లలో కోసినవి ఎక్కువగా జ్యూస్‌కీ సాస్‌కీ పోతాయి, మనం సంచిలో కొనే పచ్చికాయలు పొడిగా కోసినవి. అమెరికాలో పంట సగానికి పైగా విస్కాన్సిన్‌దే, కానీ మా రాష్ట్రం దక్షిణాన పైన్ బారెన్స్‌లో కూడా ఎప్పటినుంచో పండిస్తారు, అక్టోబర్‌లో అటువైపు వెళ్తే చూడొచ్చు.

గిన్నెలో 200 గ్రాముల పంచదార, ఒక కప్పు నీళ్లు, ఆ కప్పు కాయలు, ఒక నారింజ తొక్క (తెల్లటి భాగం రాకుండా పల్చగా తీసింది, లేకపోతే చేదు), వేలంత దాల్చినచెక్క, రెండే రెండు లవంగాలు. లవంగం మూడోది వేశారా, పంటినొప్పి మందు వాసన వస్తుంది, నవ్వకండి, నిజం. మధ్యస్థంగా మంట పెట్టండి. నాలుగైదు నిమిషాల్లో కాయలు పోపులో ఆవాల్లా చిటచిటమని పగలడం మొదలుపెడతాయి. సగానికి పైగా పగిలాక ఇంకో రెండు మూడు నిమిషాలు, అంతే, దించేయండి.

ఇక్కడే ఎక్కువమంది చెడగొడతారు. మనకి పాకం అనగానే తీగపాకం రావాలని చేయి ఊరుకోదు. వద్దు. క్రాన్‌బెర్రీలో పెక్టిన్ బాగా ఉంటుంది, జామ్ గట్టిపడేది దానివల్లే, ఎక్కువసేపు మరిగించారంటే చల్లారాక సీసాలో పాకం బదులు జెల్లీ ఉంటుంది, గ్లాసులో పోస్తే అడుగున ముద్దలా కూర్చుంటుంది. వేలికి కాస్త అంటుకునే లేతపాకం కూడా రానక్కర్లేదు, పంచదార కరిగి రంగు దిగితే చాలు. మూత పెట్టి అరగంట వదిలేసి, జల్లెడలో వడకట్టండి. ఆ పిప్పిని గరిటెతో నొక్కాలని ప్రాణం లాగుతుంది, చింతపండు పిసికే చేతులు కదా మనవి, కానీ నొక్కితే గుజ్జు దిగి రంగు మసకబారుతుంది. దానంతటది కారనివ్వండి. కెంపులాంటి పాకం వస్తుంది, శుభ్రమైన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఉంటుంది. ఈ కొలత రెండు వైన్ సీసాలకి, అంటే పన్నెండు గ్లాసులకి హాయిగా సరిపోతుంది.

పాకం కాచే ఓపిక లేదు, వచ్చేవాళ్లు గంటలో వస్తున్నారు అంటే జ్యూస్ వాడొచ్చు. ఈ కాక్‌టెయిల్ అసలు రూపం అదే, ‘పాయిన్‌సెటియా’ అంటారు, క్రిస్మస్‌కి కుండీల్లో అమ్మే ఆ ఎర్రాకుల మొక్క పేరు. గ్లాసుకి 30 మిల్లీలీటర్ల జ్యూస్, 15 నారింజ లిక్కర్ (నారింజ రుచి ఉన్న తియ్యటి మందు), పైన వైన్. కానీ సీసా మీద ‘క్రాన్‌బెర్రీ జ్యూస్ కాక్‌టెయిల్’ అని ఉంటే అది నీళ్లూ చక్కెరా కలిపినది, దానికి ఇంకేం తీపి చేర్చకండి. చక్కెర లేని అచ్చం జ్యూస్ అయితే పులుపు దిమ్మతిరుగుతుంది, చెంచాడు పంచదార కరిగించాల్సిందే.

చల్లదనం గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. వెచ్చటి సీసా తెరిస్తే సగం వైన్ నురగై బయటికి పోతుంది, మిగిలిన సగం గ్లాసులో రెండు నిమిషాల్లో చప్పబడుతుంది, ఎందుకంటే ద్రవం ఎంత చల్లగా ఉంటే గ్యాస్ అంత బాగా అందులో కరిగి ఉంటుంది. ఫ్రిజ్‌లో కనీసం మూడు గంటలు. మర్చిపోయారా, పెద్ద గిన్నెలో ఐసు, ఐసుకి సమానంగా నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసా మెడదాకా ముంచండి, 20, 25 నిమిషాల్లో అయిపోతుంది. వట్టి ఐసులో గుచ్చితే అంత త్వరగా చల్లబడదు, నీళ్లు ఉంటేనే సీసా అంతటా తగులుతుంది. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టి మర్చిపోకండి. నేను మర్చిపోయాను. మర్నాడు బఠాణీల సంచులమీద గాజుముక్కలు ఏరుకున్నాను. పాకం, లిక్కర్, ఆఖరికి గ్లాసులు కూడా చల్లగా ఉంటే ఇంకా మంచిది.

సీసా లోపలి ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి రెండింతల పైనే ఉంటుంది. కాబట్టి సినిమాల్లోలా ఊపి పేల్చే సరదా వద్దు. తెలిసినవాళ్లింట్లో న్యూ ఇయర్‌కి అలాగే పేలిస్తే కార్క్ వెళ్లి స్మోక్ డిటెక్టర్‌కి తగిలింది, అది కూత మొదలుపెట్టింది, పిల్లలు ఏడుపు, పన్నెండు కొట్టిన సంగతే ఎవరికీ తెలియలేదు. పద్ధతి ఏంటంటే: రేకు తీసి, బొటనవేలు కార్క్ మీద నొక్కి ఉంచి తీగ వదులు చేయండి, మామూలుగా ఆరు అరచుట్లు తిప్పాలి. సీసాని ఏటవాలుగా, మనుషుల వైపు కాకుండా పట్టుకుని, గుడ్డ కప్పి, కార్క్‌ని కదలకుండా పట్టుకుని సీసాని తిప్పండి. కార్క్ తోసుకొస్తుంటే మీరు వెనక్కి ఆపుతున్నట్టు ఉండాలి. కుక్కర్ చల్లారాక విజిల్ ఎత్తితే వచ్చే చిన్న ‘ఉస్స్’ వస్తే సరిగ్గా తీసినట్టు.

గ్లాసులో ముందు పాకం 20 మిల్లీలీటర్లు, నారింజ లిక్కర్ 10. తర్వాత గ్లాసుని వంచి అంచు వెంబడి వైన్ 120 మిల్లీలీటర్లు, రెండు విడతలుగా. ముందు వైన్ పోసి పైన పాకం పోశారంటే నురగ పొంగి టేబుల్ మీదకి వస్తుంది, పైగా కలపడానికి స్పూన్ తిప్పి ఉన్న గ్యాస్ కాస్తా పోగొడతారు. పాకం కింద ఉంటే వైన్ పడే వేగానికే చాలావరకు కలిసిపోతుంది. లిక్కర్ లేకపోతే ఒక చెంచా తాజా నారింజ రసం, పెద్ద తేడా ఉండదు. మొదటి గ్లాసు మీరే తాగి చూడండి, వైన్ పులుపు బట్టి పాకం అయిదు మిల్లీలీటర్లు అటూ ఇటూ చేసుకోండి, ఆ తర్వాతే మిగతావి పోయండి.

పైన వేయడానికి పచ్చికాయలు మూడు నాలుగు చాలు, తేలుతూ కనబడతాయి. ఇంకా షోకు కావాలంటే కొన్ని కాయల్ని ఆ పాకంలోనే గంటసేపు నానబెట్టి, తీసి తడి ఆరాక పంచదారలో దొర్లించండి, మంచు పట్టినట్టుంటాయి. రోజ్‌మేరీ రెమ్మ పెట్టడం ఇక్కడ ఫ్యాషన్, ఫొటోకి బాగుంటుంది, తాగేటప్పుడు ముక్కులో గుచ్చుకుంటుంది. నేను పెట్టను.

పిల్లలకీ, తాగనివాళ్లకీ, కారు నడపాల్సినవాళ్లకీ అదే పాకం 30 మిల్లీలీటర్లు, సోడా, నిమ్మరసం నాలుగు చుక్కలు. అదే గ్లాసులో ఇవ్వండి, ప్లాస్టిక్ కప్పులో కాదు. ఆపిల్ స్పార్క్లింగ్ సైడర్ కూడా బాగుంటుంది, కానీ బ్రిటన్‌లో ఉన్నవాళ్లు జాగ్రత్త, అక్కడ సైడర్ అంటే మందే. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వేసుకుంటుంటే మాత్రం క్రాన్‌బెర్రీ ఇచ్చేముందు డాక్టర్ని అడగండి, సోడాతో అయినా సరే.

హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవాళ్లకి పచ్చి క్రాన్‌బెర్రీ దొరకడం కష్టం, పెద్ద సూపర్ మార్కెట్లలో గడ్డకట్టినవి దొరికితే నేరుగా అలాగే గిన్నెలో వేసేయొచ్చు. ఎండువి వద్దు, వాటికి ముందే చక్కెర పట్టించి ఉంటారు. నన్నడిగితే ఆగస్టులో ఎర్రబడిన వాక్కాయలు కొని, చీల్చి గింజలు తీసి, పాలు పోయేలా ఉప్పునీళ్లలో కడిగి ఫ్రీజర్‌లో దాచండి, డిసెంబర్‌లో ఇదే కొలతకి వాడుకోండి. బేకరీ కేకుల మీద ఎర్రచెర్రీ అని మనం చిన్నప్పటినుంచి తింటున్నది చాలాసార్లు చక్కెరపాకంలో ఊరిన వాక్కాయే, కాబట్టి కొత్తగా భయపడేదేం లేదు. స్పార్క్లింగ్ వైన్ నాసిక్‌లో తయారయ్యేది ఉంది, బ్రూట్ చూసి తీసుకోండి.

వడకట్టిన పిప్పిని పారేయకండి, దాల్చినచెక్కా లవంగాలూ తొక్కా ఏరేసి కాస్త కారం, ఉప్పు, వేయించిన మెంతిపొడి కలిపితే గారెల్లోకి తియ్యటి పచ్చడి. సంచిలో ఇంకా 200 గ్రాముల దాకా కాయలు మిగులుతాయి, మర్నాడు పప్పు చేసుకోండి. కాయల్ని కందిపప్పుతో కలిపి కుక్కర్లో పెట్టకండి, పులుపుకి పప్పు ఉడకదు, విడిగా పచ్చిమిర్చితో మగ్గబెట్టి ఆఖర్న కలిపి ఇంగువ పోపు పెట్టండి. చింతపండు అక్కర్లేదు.