కేఫ్రీ దగ్గర కూలుతున్న డ్రైవర్: ముందు హెల్పర్ తెరిచి చూడండి

సమస్య: లైనక్స్ డ్రైవర్ మీ దగ్గర నెలల తరబడి సాఫీగా నడుస్తుంది. చాలా రోజులుగా ఆపకుండా నడుస్తున్న సర్వర్ మీద మాత్రం, మాడ్యూల్ తీసేసేటప్పుడు, మెమరీని తిరిగి ఇచ్చేసే ఫంక్షన్ కేఫ్రీ లోపల కెర్నెల్ (లైనక్స్ మూలభాగం) కూలుతుంది. అదీ ప్రతిసారీ కాదు.

ఇది చూడగానే అందరూ ఒకే మెమరీని రెండుసార్లు విడుదల చేశామేమోనని, ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా ఆపే లాక్‌ల వెంట పడతారు. ఆగండి. ఆ మెమరీ ఏ హెల్పర్ (మెమరీ కేటాయించి ఇచ్చే చిన్న ఫంక్షన్) నుంచి వచ్చిందో, దాని అడుగున ఏ ఫంక్షన్ ఉందో చూశారా? అర నిమిషం పని. అయినా ఎవరూ చూడరు.

కారణం: అక్కడ కేవీమాలాక్ ఉంటుంది. 2017లో 4.12 కెర్నెల్‌తో వచ్చిన ఈ ఫంక్షన్ ముందు కేమాలాక్‌ను అడుగుతుంది, పక్కపక్కనే ఉన్న పేజీలు (మెమరీని విభజించే సమాన ముక్కలు) దొరక్కపోతే, విడివిడి పేజీలను ఒకే వరుసగా చూపించే వీమాలాక్‌కు వెళుతుంది. కేఫ్రీకి వీమాలాక్ చిరునామా అప్పగిస్తే దాని పేజీ వివరాల కోసం వేసే లెక్క ఎక్కడికో పోతుంది.

నేను మోసపోయింది ఇక్కడే. అడిగిన పరిమాణం ఒక పేజీ దాటకపోతే కేవీమాలాక్ వీమాలాక్ జోలికే పోదు. మా పరీక్ష యంత్రంలో 256 బైట్ల ఎంట్రీలు 16, మొత్తం సరిగ్గా 4096 బైట్లు, ఎక్స్86లో ఒక్క పేజీ. కాబట్టి తప్పు బయటపడే అవకాశమే లేదు. సర్వర్‌లో అవే ఎంట్రీలు 1024, అంటే 256 కేబీ: వరుసగా 64 పేజీలు కావాలి. అప్పుడే బూట్ చేసిన యంత్రంలో అవి సులువుగా దొరుకుతాయి. మెమరీ ముక్కలైపోయాక దొరకవు. వారం రోజులు లాక్‌లు తవ్వాను. తప్పు హెల్పర్ పేరులో ఉంది: చివర 'అలాక్' అని ఉంటే, పిలిచినవాడు కేఫ్రీ రాయక ఏం చేస్తాడు?

నిర్ధారణకు హెల్పర్‌లో కేవీమాలాక్ తీసి తాత్కాలికంగా వీమాలాక్ పెట్టండి. అప్పుడప్పుడూ కూలేది ప్రతిసారీ కూలుతుంది.

పరిష్కారం: కేటాయించే హెల్పర్ పక్కనే విడుదల చేసే హెల్పర్ రాయండి, అందులో కేవీఫ్రీ పెట్టండి. అది చిరునామా చూసి వీఫ్రీనో కేఫ్రీనో తానే ఎంచుకుంటుంది. పిలిచేవాళ్లెవరూ నేరుగా కేఫ్రీ రాయకూడదు. జీఎఫ్‌పీ ఫ్లాగులను (మెమరీ ఎలా కేటాయించాలో చెప్పే గుర్తులు) హెల్పర్‌లో దాచకుండా పరామితిగా తీసుకోండి. సంఖ్యను, పరిమాణాన్ని విడివిడిగా తీసుకుని కేవీమాలాక్ తోటి ఫంక్షనైన కేవీకాలాక్‌కు ఇవ్వండి, గుణకారం పరిమితి దాటి పొంగితే అదే పట్టుకుంటుంది. విఫలమైతే నల్ ఇస్తారో ఎర్రర్ పాయింటర్ ఇస్తారో అన్ని హెల్పర్లలో ఒకేలా ఉంచండి, ఎందుకంటే ఎర్రర్ పాయింటర్‌ను గుర్తించే ఈజ్‌ఎర్ర్ తనిఖీ నల్‌ను పట్టుకోదు.

హెల్పర్‌లో ఉట్టి కేమాలాకే ఉంటే, అప్పుడు కేఏశాన్ (కెర్నెల్ మెమరీ తప్పులు పట్టే సాధనం) వేసి రెండుసార్లు విడుదల సంగతి చూసుకోండి. ర్యామ్ పాడైందేమో అన్న అనుమానాన్ని చివరికి ఉంచండి.

మార్చేటప్పుడు ఒక జాగ్రత్త: వీఫ్రీ నిద్రపోవచ్చు, అంటే మధ్యలో ఆగి వేచి ఉండొచ్చు. పాత కేఫ్రీ, నిద్రపోకూడని స్పిన్‌లాక్ కింద ఉంటే, కొత్త పిలుపును లాక్ వదిలాక పెట్టండి. ప్రోబ్ (డ్రైవర్ పరికరాన్ని సిద్ధం చేసే దశ) విఫలమైనప్పుడు వెళ్లే దారులను కూడా వెతకండి, పాత కేఫ్రీ ఎక్కువగా మిగిలిపోయేది అక్కడే.