చిన్న స్పానిష్ క్లబ్ చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

విజయనగరంలో ఆటంటే ముందు విజ్జీ పేరు, క్రికెట్ గుర్తొస్తాయి. ఫుట్‌బాల్ మాట ఎత్తితే మా స్కూలు పిల్లలు బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ దాటి బయటికి రారు. డ్రిల్లు మాస్టారిగా నేను వాళ్లకు ఇచ్చే ప్రాజెక్టు మాత్రం రియల్ ఉనియోన్. చాలాకాలంగా కింది డివిజన్లలో ఆడుతున్న ఇరూన్ ఊరి క్లబ్ అది. పెద్ద క్లబ్బుల కథ ఎవరో ఒకరు రాసి పెట్టేశారు. ఇలాంటి క్లబ్ కథను మనమే పోగుచేసుకోవాలి, అందుకే పిల్లలకు పని బాగా వంటబడుతుంది.

జట్టు కంటే ముందు ఊరిని పట్టుకోండి. మ్యాప్ తీస్తే ఇరూన్ సరిగ్గా ఫ్రాన్స్ సరిహద్దు మీద, బిదసోవా నది ఒడ్డున కనిపిస్తుంది. మనది రాయపూర్ లైను విడిపోయే జంక్షన్ కదా, ఇరూన్‌లో ఏకంగా పట్టాల వెడల్పే మారిపోతుంది. స్పెయిన్ రైలు పాత లైన్ల వెడల్పు 1668 మిల్లీమీటర్లు, ఫ్రాన్స్‌ది 1435. ఈ సంగతి తెలిశాక ఆ జట్టులో రెనే పెతీ ఎందుకున్నాడో ఆశ్చర్యం అనిపించదు. ఫ్రాన్స్‌లో పుట్టి, 1920 ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ తరఫున ఆడి, ఇరూన్‌లో హీరో అయిన మనిషి అతను.

తర్వాత ఒక లాంగ్ నోట్‌బుక్ అడ్డంగా తిప్పి గడులు గీయండి: సీజన్, డివిజన్ పేరు, పైనుంచి ఎన్నో మెట్టు, ఎన్నో స్థానం, కారణం. మూడో గడిని ఎవరూ పట్టించుకోరు, తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. ‘తెర్సేరా’ అంటే స్పానిష్‌లో మూడోది, ఆ పేరు చూసి మూడో మెట్టు అని రాసేస్తారు. 1977లో సెగుందా బి అనే కొత్త మూడో మెట్టు పెట్టేదాకా అది నిజమే. ఆ ఏడాది నుంచి తెర్సేరా నాలుగో మెట్టు. 2021లో డివిజన్లు మళ్లీ మార్చాక ఐదోది. పేరును నమ్మకుండా ఏడాది చూసి అంకె వేయండి. 1936 నుంచి 1939 దాకా గడులు ఖాళీగా వదలాలి. అంతర్యుద్ధం వల్ల లీగ్ జరగలేదు. 1936 సెప్టెంబరులో ఇరూన్ ఊరే చాలావరకు కాలిపోయింది. కారణం గడిలో అది రాసి తీరాలి.

ఇక కప్పుల లెక్క. 1918, 1924, 1927లో రియల్ ఉనియోన్ స్పెయిన్ కప్పు గెలిచింది. కానీ క్లబ్ నాలుగు అంటుంది. నాలుగోది 1913లో రాసింగ్ దె ఇరూన్ గెలిచింది. ఆ రాసింగ్, ఇరూన్ స్పోర్టింగ్ కలిసి 1915లో రియల్ ఉనియోన్ అయ్యాయి. పైగా 1913లో రెండు సంఘాలు పోటాపోటీగా రెండు కప్పులు నడిపాయి, రెండోది బార్సిలోనా గెలిచింది. రెండు లెక్కలూ రాసి, తేడా ఎక్కడొచ్చిందో పక్కనే చెప్పండి.

ఆ కప్పుల వల్లే 1929లో మొదలైన లీగ్‌లో పది జట్లలో ఒకటిగా దీనికి చోటు దొరికింది. అంతకుముందు కప్పు గెలిచిన ఆరు క్లబ్బులను నేరుగా తీసుకున్నారు. 1931-32లో అట్టడుగున నిలిచి కిందికి దిగిపోయింది, మళ్లీ మొదటి మెట్టుకు రాలేదు. ఎందుకు? 1926లో స్పెయిన్ ఆటగాళ్లకు జీతాలివ్వడాన్ని ఒప్పుకుంది. పెద్ద నగరాల క్లబ్బులతో సమానంగా జీతాలు ఇవ్వడం ఇరూన్ లాంటి ఊరికి కష్టం. నా దృష్టిలో ఈ క్లబ్ చరిత్రకు ప్రాణం కప్పుల్లో కంటే ఈ కారణంలోనే ఉంది. దీనికి కనీసం ఒక పూర్తి పేజీ ఇవ్వండి.

పాత పత్రికలకు స్పెయిన్ జాతీయ గ్రంథాలయం వాళ్ల డిజిటల్ విభాగం ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. ఇప్పటి పేరుతోనే వెతికితే కొన్నేళ్లు అసలు దొరకవు. 1931లో రాజు వెళ్లిపోయాక క్లబ్బుల పేర్లలోంచి రాజుకు సంబంధించినది అని చెప్పే ‘రియల్’ అన్న మాట తీసేశారు. 1941లో ఆ పేర్లలో విదేశీ మాటలను నిషేధించారు. కాబట్టి ఊరి పేరు, ఎదుటి జట్టు పేరు కలిపి కొట్టండి. తేదీ విషయంలోనూ ఒక కిటుకుంది. ఇరూన్ జట్టు లీగ్‌లో మొదటి మ్యాచ్ ఎస్పాన్యోల్‌తో 1929 ఫిబ్రవరి 10, ఆదివారం ఆడింది. ఆ రోజుల్లో సోమవారం చాలా పత్రికలు వచ్చేవి కావు, కాబట్టి 12వ తేదీ మంగళవారం పత్రిక తెరవాలి. ఇరూన్ 2-3తో ఓడిన ఆ మ్యాచ్‌లోనే లీగ్ చరిత్రలో మొదటి గోల్ పడింది. ఇరూన్ గోల్‌లో నిలబడ్డది ఆంతోనియో ఎమెరీ. ఇప్పుడు పేరున్న కోచ్ ఉనాయ్ ఎమెరీకి తాతగారు. ఆ మనవడే 2021లో ఈ క్లబ్‌ను కొన్నాడు. స్పెయిన్‌లో ఒక్కొక్కరికి రెండు ఇంటిపేర్లుంటాయి, రెండూ రాసుకుంటే తాత, తండ్రి, మనవడు కలిసిపోకుండా ఉంటారు.

స్కోర్లు రాసేటప్పుడు అప్పటి నిబంధన కూడా రాయండి. 2008లో మూడో మెట్టులో ఉన్న రియల్ ఉనియోన్ కప్పు పోటీలో రియల్ మాడ్రిడ్‌ను ఇంటికి పంపింది. ఇరూన్‌లో 3-2, మాడ్రిడ్‌లో 3-4. మొత్తం 6-6. బయటి మైదానంలో ఇరూన్ కొట్టినవి మూడు, మాడ్రిడ్ కొట్టినవి రెండు. మొత్తం సమానమైతే బయటి మైదానంలో ఎక్కువ కొట్టిన జట్టే గెలిచినట్టు అన్న అప్పటి నిబంధనే తేల్చింది. అది రాయకపోతే చదివేవాళ్లకు ఎవరు గెలిచారో అర్థం కాదు. ఆ సీజన్ చివర్లోనే క్లబ్ రెండో మెట్టుకు ఎక్కింది, 2010లో దిగింది. ఆ రెండు వరుసలు కూడా నింపి, దిగడానికి కారణం కోసం మళ్లీ పత్రికలు తెరవండి.