డాబా మీది పెట్టకు పట్టిన కొవ్వు ఎలా తగ్గించాలి? పస్తు పెట్టకుండా!

బెంగళూరులో డాబా మీద నాలుగు కోళ్లు పెంచుకునే తెలుగు ఇళ్లు కె.ఆర్.పురం నుంచి వైట్‌ఫీల్డ్ దాకా చాలానే చూశాను. ఎక్కడికి వెళ్లినా హెబ్బాళ్ పశువైద్య కళాశాలలో రూపొందిన గిరిరాజ పెట్టలే. రాత్రి మిగిలిన అన్నం, రాగి ముద్ద, నూకలు అన్నీ వాటికే పోస్తారు. కొన్నాళ్లకు పెట్ట బలుస్తుంది, గుడ్లు తగ్గుతాయి. వెంటనే ఇంటివాళ్లు రెండు రోజులు మేత ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మనిషి డైటింగ్ కోడికి పనికిరాదు. ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను.

1. సామగ్రి

5 కిలోల దాకా తూచే త్రాసు, ఒక గంప, ఒక నోటు పుస్తకం చాలు. ఏ పెట్ట ఏదో తెలియడానికి కాళ్లకు వేర్వేరు రంగుల రింగులు వేయండి.

2. తూకం

ప్రతి ఆదివారం తెల్లవారకముందే, మేత వేయకముందు తూచండి. అప్పుడు మేత సంచి ఖాళీగా ఉంటుంది. సాయంత్రం తూస్తే మీరు కోడిని కాదు, అది తిన్న గింజలను తూచినట్టే.

3. చేత్తో చూడటం

తోక కింద రెండు కటి ఎముకల కొనలు తగులుతాయి. గుడ్లు పెట్టే పెట్టకు వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడతాయి, పొట్ట మెత్తగా ఉంటుంది. కొవ్వు పట్టిన పెట్టకు ఆ ఎముకలే మందంగా తగులుతాయి, పొట్ట చర్మం కింద గట్టి దిండులా ఉంటుంది. పొట్ట నీళ్ల సంచిలా ఊగుతూ రొమ్ము ఎముక కత్తిలా పొడుచుకొస్తే అది కొవ్వు కాదు. వెంటనే పశువైద్యుడికి చూపించండి.

4. దాణా

గుడ్లు పెట్టే కోళ్ల కోసం అమ్మే లేయర్ దాణా కొనండి. మాంసకృత్తులు 16-18 శాతం, కాల్షియం 3.5 శాతానికి తగ్గకూడదు. మామూలు పెట్టకు రోజుకు 110-120 గ్రాములు, గిరిరాజకు ఇంకాస్త.

5. గింజలు తగ్గించడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే, నిదానంగా చదవండి.

కోడి ఒంట్లో కొవ్వు తయారయ్యే చోటు ప్రధానంగా కాలేయం. పెట్ట గుడ్లకు వచ్చినప్పుడు అండాశయం నుంచి ఈస్ట్రోజెన్ హార్మోను పెరిగి, కాలేయం చేత పచ్చసొనకు కావలసిన కొవ్వు చేయిస్తుంది. ఒక్కో గుడ్డులో సుమారు 5 గ్రాముల కొవ్వు బయటికి పోతుంది. అన్నం, నూకలు అతిగా తింటే, గుడ్డుకు అవసరమైనదానికన్నా ఎక్కువ కొవ్వు తయారై కాలేయంలోనూ పొట్టలోనూ పేరుకుంటుంది. అది ముదిరితే కాలేయం చిట్లి రక్తస్రావమై, నిన్నటిదాకా బాగున్న పెట్ట పొద్దున్నే చచ్చిపడి ఉంటుంది. ఎండాకాలంలో ఈ ముప్పు ఎక్కువ.

పేరుకున్న కొవ్వును కరిగించే ముఖ్యమైన హార్మోను కోడిలో గ్లూకగాన్. మనలో కొవ్వు కరగకుండా గట్టిగా ఆపే ఇన్సులిన్‌కు కోడిలో ఆ పట్టు చాలా తక్కువ. కోడి రక్తంలో చక్కెర మామూలుగానే 200 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. అందుకే మన షుగరు లెక్కలు దానికి వర్తించవు. పస్తు పెడితే గ్లూకగాన్ ఒక్కసారిగా పెరిగి, నిల్వలలోని కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి వచ్చి, అప్పటికే నిండిన కాలేయం మీద పడతాయి. మరోవైపు అండాశయాన్ని నడిపే హార్మోన్లు పడిపోయి గుడ్లు ఆగుతాయి, ఈకలు రాలతాయి. మళ్లీ మేత పెట్టగానే కాలేయం ఉరవడిగా కొవ్వు తయారీ మొదలుపెడుతుంది. రెండు రోజుల పస్తుతో మీకు మిగిలేది బోసి మెడ పెట్ట, ఖాళీ గుడ్ల బుట్ట.

అందుకే ఇలా చేయండి. మూడు రోజులపాటు పెట్టకు పెడుతున్న అన్నం, గింజలు తూచి సగటు తీయండి. మొదటి వారం అందులో నాలుగో వంతు మాత్రమే తీసేయండి. తీసినదానిలో సగం బరువుకు లేయర్ దాణా కలపండి, మిగతా సగానికి బదులు తరిగిన తోటకూర, మునగాకు వేయండి. ఆదివారం తూచాకే తరువాతి నాలుగో వంతు జోలికి వెళ్లండి. వారానికి 50 గ్రాములు తగ్గితే చాలు. 100 దాటితే వెనక్కి, అంతకు ముందు వారం మేతకు వెళ్లిపోండి. తురాయి ముడుచుకున్నా, మెడ ఈకలు రాలినా, గుడ్లు ఉన్నట్టుండి ఆగినా అంతే.

తూకంతో పాటు రొమ్మునూ తడమండి. పొట్ట తగ్గకుండా రొమ్ము కండ తగ్గుతుంటే కోడి భయంలో ఉందని అనుమానించాలి. భయపడిన కోడిలో కార్టికోస్టెరాన్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. అది కండను కరిగించి కొవ్వును నిలబెడుతుంది. పట్టుకున్న కొద్ది నిమిషాల్లోనే అది పెరగడం మొదలవుతుంది. కాబట్టి పగలు డాబా అంతా తరిమి పట్టుకోకండి. తెల్లవారుజామున చీకట్లో, దండెం మీద కూర్చున్నప్పుడే రెండు చేతులతో రెక్కలు మూసి ఎత్తండి. పక్కింటి కుక్క రోజూ మొరుగుతుంటే గూడు మరో మూలకు మార్చండి.

నీళ్లలో వెనిగర్, వెల్లుల్లి కలిపితే కొవ్వు కరుగుతుందని చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. కలిపినవాళ్ల కోళ్లూ చూశాను, నూకలు తగ్గించినవాళ్ల కోళ్లూ చూశాను. సన్నబడింది రెండోవాళ్ల కోళ్లే. ఇంకో మాట. ఫారం కోళ్లను హార్మోన్ సూదులతో బలుపెక్కిస్తారన్న ప్రచారాన్నీ నమ్మకండి. పెరుగుదల హార్మోను మేతలో కలిపితే జీర్ణమైపోతుంది, వేల కోళ్లకు రోజూ సూది వేయడం ఎవరి తరమూ కాదు. అవి పెరిగేది తరతరాల జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల.

6. సాయంత్రం పని

గుడ్డు పెంకు ఎక్కువగా రాత్రే కడుతుంది. ఆల్చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో సాయంత్రం పెట్టండి. సోయా చెక్క కొద్దిగా కలపండి. అందులోని కోలిన్ అనే పోషకం కాలేయం నుంచి కొవ్వు బయటికి పోవడానికి సాయపడుతుంది. వేరుశనగ చెక్క వాడితే వానాకాలంలో వాసన చూడండి. బూజు వాసన కాస్త తగిలినా పారేయండి, ఆ బూజు విషం నేరుగా కాలేయాన్నే దెబ్బతీస్తుంది.

పొట్ట మెత్తబడి, వరుసగా మూడు ఆదివారాలు బరువు నిలకడగా ఉంటే మేత తగ్గించడం ఆపండి. ఆ తరువాత నాలుగు పెట్టలకు కలిపి సాయంత్రం ఒక్క గుప్పెడు గింజలు వేయవచ్చు. అన్నం మాత్రం వద్దు.