సన్నటి చేతికి స్పోర్ట్స్ వాచీ: డబ్బా మీది నంబరు నమ్మొద్దు

ప్రొద్దుటూరులో మాది బంగారం అంగడి. పొద్దస్తమానం గాజులూ కడియాలూ కొలిచే పని. నా చెయ్యి మాత్రం చానా సన్నం, చుట్టుకొలత 15.5 సెంటీమీటర్లు. పైగా ఖరీదైన స్పోర్ట్స్ వాచీల పిచ్చి ఒకటి. మీ మణికట్టు 16.5 లోపు ఉంటే ఇది మీకోసమే. అంతకన్నా లావైతే ఏ వాచీ నచ్చితే ఆ వాచీ కొనుక్కోండి, పెద్ద ఇబ్బందేం ఉండదు.

ముందు కొలత సంగతి. గాజు సైజు తెలుసు కదా అని దాంతో వాచీ చూడొద్దు. గాజు పిడికిలి దాటి రావాల, అందుకే 2-4, 2-6 అని పిడికిలిని బట్టి ఇస్తాం. వాచీకి పిడికిలితో పనే లేదు. అది మణికట్టు మీద చదునుగా ఉన్న జాగాలో కూర్చుంటుంది. ఆ జాగా ఎంతుందో తెలియాల. చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టండి. మణికట్టు ఎముక దాటి మోచేతి వైపు ఒక వేలు వెడల్పు వదిలి, అక్కడ స్కేలు అడ్డంగా ఆనించండి. పక్కలకి వంగిపోయే అంచులు లెక్కలోకి తీసుకోవద్దు. పిల్లల జామెట్రీ బాక్సు స్కేలు చాలు. నాకు వచ్చింది 48 మి.మీ. చుట్టుకొలత ఒకటే అయినా ఒకరిది పలక చెయ్యి, ఇంకొకరిది గుండ్రటి చెయ్యి ఉంటుంది. గుండ్రటి చేతికి జాగా తక్కువ.

ఇక వాచీ వైపు చూద్దాం. అందరూ అడిగేది కేసు, అంటే డయల్‌ని పట్టుకునే వాచీ ఒళ్ళు, అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లని. నేను దాన్ని రెండోసారి చూస్తాను. మొదట చూసేది పైనా కిందా చైను తగిలించే కొమ్ములు, వాచీవాళ్ళు లగ్గులంటారే, అవి ఈ చివర నుంచి ఆ చివరకి ఎంత పొడవున్నాయని. ఆ పొడవు మీ చదును జాగా దాటకూడదు. ఒకటి రెండు మి.మీ. తక్కువుంటే ఇంకా మేలు.

ఎందుకంటే ఒమేగా స్పీడ్‌మాస్టర్ 42 మి.మీ. వాచీ. ట్యూడర్ బ్లాక్ బే 58 చూస్తే 39. నంబరు చూసి ఎవరైనా రెండోదే చిన్నదంటారు. కానీ స్పీడ్‌మాస్టర్ లగ్గు పొడవు 47.5, బ్లాక్ బే 58ది కూడా ఇంచుమించు అంతే. కేసులో 3 మి.మీ. తేడా ఉన్నా చేతి మీద ఆక్రమించే పొడవు ఒకటే. నా 48కి రెండూ అంచు దాకా వస్తాయి. హాయిగా కూర్చునేవి వేరే ఉన్నాయి. ట్యూడర్ బ్లాక్ బే 54 కేసు 37, పొడవు 46. రోలెక్స్ ఎక్స్‌ప్లోరర్ 36 అయితే 43 దరిదాపుల్లో ఉంటుంది. కార్టియే సాంటోస్ మీడియం పొడవు 41.9, వెడల్పు 35.1. చదరపు వాచీ అదే వెడల్పున్న గుండ్రటి వాచీ కన్నా పెద్దగా కనిపిస్తుంది కాబట్టి సాంటోస్‌లో మీడియం చాలు, లార్జ్ జోలికి పోవద్దు.

36 అనగానే "ఆడవాళ్ళ వాచీనా?" అంటారు మన దగ్గర. ఎక్స్‌ప్లోరర్ 1953లో వచ్చింది, 36గానే దశాబ్దాలు నడిచింది. 2010లో 39 చేశారు, 2021లో మళ్ళీ 36కి వచ్చారు. బ్లాక్ బే 54కి మూలం 1954 నాటి ట్యూడర్ డైవింగ్ వాచీ, అదీ 37. మన నాయనలు కట్టుకున్న హెచ్‌ఎంటీ జనతా 35 చుట్టుపక్కలే. అప్పుడు వాళ్ళనెవరూ ఏమీ అనలేదు.

రాయల్ ఓక్ లాంటి వాచీలకి పై లెక్క సరిపోదు. ఒడెమార్స్ పిగే కంపెనీ కోసం జెరాల్డ్ జెంటా గీసిన ఆ వాచీ 1972లో 39 మి.మీ.తో వచ్చినప్పుడు జనం దాన్ని జంబో అన్నారు. వీటిలో చైను కేసులోంచే మొలిచినట్టు ఉంటుంది. మొదటి లింకు గట్టిగా ముందుకు చాచుకుని ఉంటే అది కూడా వాచీ పొడవే అనుకోండి. చేతికి పెట్టుకుని పక్క నుంచి చూడండి. చైను వెంటనే కిందికి దిగితే బాగున్నట్టు. లింకుకీ చర్మానికీ మధ్య వెలుతురు కనపడితే వదిలేయండి, ఎంత ముద్దొచ్చినా సరే. రాయల్ ఓక్‌లో 37 సైజు ఉంది, సన్న చేతులవాళ్ళు దాంతో మొదలుపెట్టాల.

మందం 12 మి.మీ. లోపుంటే చొక్కా చేతుల కిందికి పోతుంది. నల్ల డయల్ తెల్లదాని కన్నా చిన్నగా కనపడుతుంది, డయల్ చుట్టూ ఉండే పట్టీ, అదే బెజెల్, లావుగా ఉన్నా అంతే. బరువు కూడా చూసుకోండి. సన్న చేతి మీద బరువు వాచీ పక్కకి జారుతూనే ఉంటుంది. ట్యూడర్ పెలాగోస్ 39 లాంటి టైటానియం వాచీ ఆ బాధ చానా తగ్గిస్తుంది.

మొన్న పెళ్ళికొడుక్కి చైను తీసుకోవడానికి జమ్మలమడుగు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు. "అల్లునికి వాచీ గూడా పెడతాండాం నాయనా. పెద్దది ఏదో చెప్పు, స్టేజీ మీద కనపడాల" అన్నాడు.

"అబ్బాయి చేతి కొలత తెచ్చినావా మామా?"

"వాచీకి కొలతేంది? లింకులు తీపిస్తే సరిపాయె."

"లింకులు తీస్తే చైను పొట్టిదవుతుంది గానీ వాచీ పొట్టిదవదు మామా."

అట్టముక్క కత్తిరించి ఇచ్చి పంపినాను, 39 వెడల్పు, 48 పొడవు. అల్లుని చేతి మీద పెట్టి ఫొటో పంపించమన్నాను. అట్ట రెండు పక్కలా చెయ్యి దాటింది. మీరూ ఇదే చేయొచ్చు. కొనాలనుకున్న వాచీ కొలతలతో అట్ట కత్తిరించుకోవడానికి రూపాయి ఖర్చు కాదు. ఫొటో మాత్రం దగ్గరి నుంచి తీయొద్దు, ఫోను కెమెరా దగ్గరున్నదాన్ని ఉబ్బించి చూపిస్తుంది. నిలువుటద్దం ముందు చెయ్యి వదిలేసి నిలబడితే ఎదుటివాళ్ళకి కనపడేదే మీకూ కనపడుతుంది.

అట్ట పాసయితేనే షోరూముకి వెళ్ళండి. మనకి బెంగళూరో హైదరాబాదో. రాత్రి బస్సు దిగి పొద్దున్నే పెట్టుకుని చూసి నిర్ణయించుకోవద్దు. ఎండ తగిలి మధ్యాహ్నానికి చెయ్యి ఉబ్బుతుంది, అప్పుడు చూడండి. మన కడప ఎండలకి ఇది చిన్న విషయం కాదు. మే నెలలో పొద్దున బిగువుగా ఉన్న చైను మూడు గంటలకి చర్మంలోకి దిగుతుంది. లింకు తీస్తే మరీ బిగువు, పెడితే మరీ వదులు. ఆ మధ్యలో సర్దుకునే ఏర్పాటు చైను మూసే కొక్కెం, అంటే క్లాస్పులోనే ఉండాల. ఎక్స్‌ప్లోరర్ చైను ఈజీలింక్‌తో 5 మి.మీ. పెరుగుతుంది. బ్లాక్ బే 54లో టీ-ఫిట్ అని 8 మి.మీ. దాకా, అయిదు మెట్లలో. రోలెక్స్ సబ్‌మరైనర్‌లో గ్లైడ్‌లాక్ రెండేసి మి.మీ. చొప్పున 20 దాకా పోతుంది. ఇది లేని వాచీ నేనైతే కొనను. తోలు బెల్టు ఎంత బాగున్నా ఈ చెమటకి ఒక్క వేసవిలో వాసన పట్టేస్తుంది. కావాలంటే రబ్బరు బెల్టు తీసుకోండి.

క్లాస్పు పొడవు కూడా చూడండి. సన్న చేతి కింద పొడుగు క్లాస్పు వంగదు, రెండు కొసలూ గుచ్చుతాయి. లింకులు తీసేటప్పుడు క్లాస్పు చేతి కింద సరిగ్గా మధ్యకి రావాల. అన్నీ ఒక వైపే తీసేస్తే వాచీ బయటి వైపుకి తిరిగిపోతుంది. డబ్బు కట్టకముందే షోరూములో లింకులు సర్ది చూపించమనండి. మొహమాటం వద్దు. లక్షలు పెడుతున్నది మీరు.

పాన్ కార్డు తీసుకెళ్ళండి. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోరు. వాచీ ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్ళే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను, కూడా పట్టుకుంటారు, 2025 ఏప్రిల్ 22 నుంచి ఈ పద్ధతి వచ్చింది. ఆదాయపు పన్ను రిటర్ను వేసేటప్పుడు అది సర్దుబాటవుతుంది. రోజువారీ రేటు పలకడానికి ఇది బంగారం కాదు. లాభానికి కాకుండా కట్టుకోవడానికే కొనండి. అదే చేతికి రాగి కడియం ఉంటే మాత్రం రెండో చేతికి మార్చుకోండి, రెండూ రాసుకుంటాయి.

తీసిన లింకులు ఒక్కటీ వదలకుండా అడిగి తెచ్చుకుని, వారంటీ కార్డుతో పాటు వాచీ పెట్టెలో దాచండి. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే, కొనేవాడి చెయ్యి మీకన్నా లావుగానే ఉంటుంది.