పండుగ ఇవాళా, రేపా? పంచాంగం చూసి మీరే తేల్చుకోండి

పెళ్ళయిన మూడో ఏడు నేను శివరాత్రి ఉపవాసం తప్పు రోజున చేశాను. తెనాలిలో మా అత్తగారింట్లో వంటగది గుమ్మం పక్కన మేకుకు పంచాంగం వేలాడుతూ ఉండేది. అప్పుడే బడిలో లెక్కల టీచరుగా చేరాను. అంకెలు కనిపిస్తే చాలు, నాకు తెలియనిది లేదనుకునే రోజులు. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజంతా ఆ తిథే అని ఎవరో చెప్పగా విన్నాను. మాఘ బహుళ చతుర్దశి ఏ పొద్దున ఉందో చూసి, శివరాత్రి ఆ రోజే అని తీర్మానించేశాను. అంతకు ముందు రోజు అత్తగారు పచ్చి మంచినీళ్ళతో ఉంటే నేను పప్పూ అన్నం తిన్నాను. మర్నాడు నేను చిలగడదుంపలు ఉడకబెట్టుకుని కూర్చుంటే, ఆవిడ పారణ చేసి, అంటే భోంచేసి ఉపవాసం విడిచి, చేయి కడుక్కుంటూ అన్నారు: "శివుడు లింగంగా వెలసింది అర్ధరాత్రి కదమ్మా. నువ్వు పొద్దున చూశావేం?"

నేను ఉపవాసం ఉన్న రోజు అర్ధరాత్రికి చతుర్దశి వెళ్ళిపోయి అమావాస్య వచ్చేసింది. నా జాగరణ అమావాస్యకు అన్నమాట.

ఆ తరవాత ఆవిడ దగ్గరే కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు మా వీధిలో పండుగ రెండు రోజుల మీద పడిందంటే నా దగ్గరికే వస్తారు. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కూడికలు, తీసివేతలు వస్తే ఎవరైనా చూసుకోవచ్చు. ప్రతి పండుగకూ ఒక తిథే కాదు, ఒక వేళ కూడా ఉంటుంది. తిథి ఆ వేళకు ఉందా లేదా అన్నదే అసలు లెక్క.

ముందు తిథి అంటే ఏమిటో తెలియాలి. ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అలా ముప్పై తిథులకు ఒక చాంద్రమాసం. పౌర్ణమి దాకా పెరిగే పదిహేనూ శుద్ధ పక్షం, అమావాస్య దాకా తరిగే పదిహేనూ బహుళ పక్షం. చంద్రుడి నడక ఒకే వేగంతో సాగదు కాబట్టి ఒక తిథి సుమారు 19 గంటల్లో అయిపోవచ్చు, మరొకటి 26 గంటల దాకా సాగవచ్చు. మన గడియారంతో దానికి పొత్తు లేదు. అది ఏ మధ్యాహ్నం మూడింటికో మొదలై మర్నాడు సాయంత్రం దాకా ఉంటుంది. రెండు రోజుల పేచీ అంతా ఇక్కడే పుడుతుంది. ముందు రోజు తగులుతుంది, మర్నాటికి మిగులుతుంది కాబట్టి మా అత్తగారు దీన్ని తగులు, మిగులు అనేవారు.

ఇక పంచాంగం తెరవండి. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదింట్లో పండుగలకు మొదటి మూడూ చాలు. తేదీ ఎదురుగా తిథి పేరు, దాని పక్కన ఒక సమయం ఉంటాయి. అది ఆ తిథి ముగిసే సమయం. కొత్తవాళ్ళు చాలామంది దాన్ని మొదలయ్యే సమయం అనుకుని బోల్తా పడతారు. 2024 అక్టోబరు 31 వరుసలో చతుర్దశి మధ్యాహ్నం 3.52 అని ఉందంటే, అప్పటివరకు చతుర్దశి, ఆ మరుక్షణం నుంచి అమావాస్య అని అర్థం.

ఇంకో మెలిక 'తె.' అన్న పొడి అక్షరం. తెల్లవారుజామున అని. పంచాంగం రోజు సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయంతో ముగుస్తుంది. కాబట్టి 19వ తేదీ వరుసలో 'తె. 4.52' అని కనిపిస్తే అది గోడ గడియారం ప్రకారం 20వ తేదీ తెల్లవారుజాము. ఈ ఒక్క అక్షరం తెలియక ఒక రోజు ముందే తలంటి పోసుకున్నవాళ్ళను నేను ఎరుగుదును.

ఇప్పుడు వేళలు. వీటిని బట్టీ పట్టనక్కరలేదు, కథ గుర్తుంటే వేళ గుర్తుంటుంది. రాముడు పుట్టింది మిట్టమధ్యాహ్నం, కాబట్టి చైత్ర శుద్ధ నవమి మధ్యాహ్నానికి ఉండాలి. భద్రాచలంలో కల్యాణం ఆ వేళకే జరుగుతుంది. కృష్ణుడు పుట్టింది అర్ధరాత్రి చెరసాలలో, అందుకని శ్రావణ బహుళ అష్టమిని రాత్రికి చూస్తారు. వైష్ణవులు రోహిణీ నక్షత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు గనుక వారి కృష్ణాష్టమి ఒక్కోసారి మర్నాడు వస్తుంది. అది తప్పు కాదు, సంప్రదాయ భేదం. నరసింహస్వామి అటు పగలూ కాని, ఇటు రాత్రీ కాని వేళ స్తంభంలోంచి వచ్చాడు. వైశాఖ శుద్ధ చతుర్దశి సంధ్యకు ఉండాలి. రథసప్తమి సూర్యుడిది, తెల్లవారే వేళకు సప్తమి ఉంటే జిల్లేడు ఆకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తాం. దసరాకు దశమి అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం తిరిగాక ఉండాలి. శమీపూజ అప్పుడే.

దీపావళిది ఒకే పండుగలో రెండు వేళల కథ. నరక చతుర్దశి తలంటు తెల్లవారకముందు, లక్ష్మీపూజ, దీపాలు ప్రదోషవేళ, అంటే పొద్దు గూకాక. 2024లో అక్టోబరు 31నా, నవంబరు 1నా అని పెద్ద చర్చ జరిగింది గుర్తుందా? 31 మధ్యాహ్నం 3.52కు అమావాస్య వచ్చి, 1వ తేదీ సాయంత్రం ఆరుంపావు దాటగానే పోయింది. నవంబరు 1 సూర్యోదయానికి అమావాస్యే ఉంది నిజమే. కానీ దీపాలు వెలిగించేది సూర్యోదయాన కాదు కదా. 31 రాత్రంతా అమావాస్య ఉంది, 1వ తేదీన దీపం వెలిగించి ప్రమిదలో నూనె సర్దేలోపే పాడ్యమి వచ్చేస్తుంది. మేము 31నే చేసుకున్నాం. ఆ రోజు తెల్లవారుజామున చతుర్దశి కూడా ఉంది కాబట్టి తలంటు, దీపాలు ఒక్క రోజే కలిసి వచ్చాయి.

మధ్యాహ్నం అంటే పన్నెండు గంటలు అనుకోకండి. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని అయిదు భాగాలు చేయాలి: ప్రాతఃకాలం, సంగవం, మధ్యాహ్నం, అపరాహ్ణం, సాయాహ్నం. వినాయక చవితికి మూడో భాగం కావాలి. కాగితం తీసుకోండి. సూర్యోదయం 6.00, అస్తమయం 6.15 అనుకుందాం. పగలు 735 నిమిషాలు. అయిదో వంతు 147. అంటే మధ్యాహ్న భాగం 10.54 నుంచి 1.21 వరకు. 2023లో చవితి సెప్టెంబరు 18 మధ్యాహ్నం 12.39కి మొదలై 19 మధ్యాహ్నం 1.43కి ముగిసింది. రెండు రోజులూ మధ్యాహ్నాన్ని తాకింది! అలాంటప్పుడు ఒక ముచ్చటైన నియమం ఉంది. తదియ గౌరీదేవి తిథి, చవితి కొడుకుది. తదియను తాకిన చవితి తల్లి ఒడిలో ఉన్నట్టు, అందుకని ముందు రోజే శ్రేష్ఠం. దీన్ని మాతృవిద్ధ అంటారు. రెండో రోజు మధ్యాహ్నమంతా చవితే ఉంది కదా అని 19 వైపు వాదించినవాళ్ళూ ఉన్నారు. మేము తల్లి పక్షమే వహించాం. ఈ అయిదు భాగాల లెక్క పిల్లల చేత చేయించండి. భిన్నాలంటే పారిపోయే మా మనవడు పత్రి బుట్ట పక్కన పెట్టుకుని చక్కగా భాగించాడు.

తిథి వేళతో పని లేని పండుగలు కొన్ని ఉన్నాయి. సంక్రాంతి సూర్యుడు మకరరాశిలోకి వచ్చే క్షణాన్ని బట్టి వస్తుంది, అందుకే ఏటా జనవరి 14 లేదా 15. ఆ ప్రవేశం రాత్రిపూట జరిగితే పుణ్యకాలం మర్నాటికి వెళుతుంది. సంక్రాంతి రోజు తేలితే ముందు రోజు భోగి, తరవాతి రోజు కనుమ, ఇక చూసుకోవలసింది లేదు. బోనాలు ఆషాఢ మాసపు వారాలను బట్టి నడుస్తాయి, గోల్కొండలో మొదలై సికింద్రాబాదుకూ పాతబస్తీకీ వస్తాయి. వరలక్ష్మీ వ్రతం శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి సరస్వతి అలంకారం చేసేది మూలా నక్షత్రం రోజున.

ముక్కోటి ఏకాదశి మాత్రం గడుసుది. సూర్యుడు ధనూరాశిలో ఉండగా వచ్చే శుద్ధ ఏకాదశి కావాలి, సూర్యచంద్రులిద్దరి లెక్కా కుదరాలి. దాంతో 2023 డిసెంబరు 23 తరవాత 2024లో అసలు రానే లేదు. 2025లో జనవరి 10న ఒకసారి, డిసెంబరు 30న మరోసారి వచ్చింది. ఆ ఏడాది మా పక్కింటివాళ్ళ క్యాలెండరులో ముద్రణ తప్పేమో అని నన్ను అడిగారు.

అధిక మాసం దగ్గర జాగ్రత్త. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులే. సూర్యుడి సంవత్సరానికి ఏటా పదకొండు రోజులు వెనకబడతాం. ఆ బాకీ తీర్చడానికి సుమారు ముప్పై రెండు, ముప్పై మూడు నెలలకు ఒక మాసం రెండుసార్లు వస్తుంది. సంక్రమణం లేని, అంటే సూర్యుడు రాశి మారని మాసం అధికం, తరవాతది నిజం. పండుగలు నిజ మాసంలోనే. 2023లో శ్రావణం అలాగే వచ్చింది. ఎదురింటి కొత్తకోడలు జులైలోనే కలశం చెంబు తోమి, తోరాలకు దారం పసుపులో ముంచి పెట్టుకుంది. వ్రతం ఆగస్టు 25న అని చెప్పి, ఆ దారం డబ్బాలో దాచి పెట్టించాను. 2026లో జ్యేష్ఠం అధికం, మే 17 నుంచి జూన్ 15 వరకు. ఆ తరవాతి పండుగలన్నీ అందుకే ఆలస్యంగా వస్తాయి, వినాయక చవితి సెప్టెంబరు 14న.

ఉత్తరాది స్నేహితులతో మాట్లాడేటప్పుడు మాసం పేరు చూసి కంగారు పడకండి. మనకు మాసం అమావాస్యతో ముగుస్తుంది, వాళ్ళకు పౌర్ణమితో. మన మాఘ బహుళ చతుర్దశినే వాళ్ళు ఫాల్గుణం అంటారు. శివరాత్రి మాత్రం ఆ రాత్రే.

రెండు పంచాంగాలు తెచ్చి పక్కపక్కన పెట్టుకోకండి. దృగ్గణితం, అంటే ఆకాశంలో కనిపించేదానికి సరిపోయే లెక్క ప్రకారం వేసినవీ, పాత సిద్ధాంతాల ప్రకారం వేసినవీ ఉన్నాయి. తిథి ముగింపులో కొన్ని గంటల తేడా కూడా వస్తుంది. మీ ఇంట్లో ఏది వాడుకగా ఉందో అదే వాడండి. గుడి ఉత్సవానికి వెళ్ళేటట్టయితే ఆ గుడి చెప్పిన రోజు.

ఉగాది నాడు పంచాంగ శ్రవణం అయ్యాక నేను ఒక నోటుబుక్కు తీస్తాను. తేదీలు రాయను, అవి ఏటా మారతాయి. పండుగ పేరు, మాసం, పక్షం, తిథి, వేళ అని అయిదు గడులు ఎప్పుడో గీసినవే ఉన్నాయి. ఆ ఏటి తేదీలు పెన్సిలుతో పక్కన వేసి, మళ్ళీ ఉగాదికి చెరిపేస్తాను. ఒక పూట పని.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇక్కడి తేదీని యథాతథంగా దింపుకోకూడదు. తిథి మారే క్షణం ప్రపంచమంతా ఒకటే, సూర్యోదయమే ఎక్కడిది అక్కడిది. 2026 మార్చి 19 నాటి ఉగాదినే చూడండి. ఉగాదికి పాడ్యమిని సూర్యోదయ వేళకు చూస్తాం. మన దగ్గర ఆ ఉదయం 6.52 వరకు అమావాస్య. తెనాలిలో సూర్యుడు అప్పటికే వచ్చేశాడు. పాడ్యమి మర్నాడు తె. 4.52కే అయిపోతుంది. ఏ సూర్యోదయాన్నీ తాకని పాడ్యమి, అంటే క్షయతిథి. అలాంటప్పుడు పాడ్యమి ఉన్న ఆ రోజే ఉగాది. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయికి తొమ్మిదిన్నర గంటలు తీసేసి చూసుకోమన్నాను. అక్కడ పాడ్యమి 18 రాత్రి 9.22కే వచ్చేసి, 19 సూర్యోదయానికి నిండుగా ఉంటుంది. "అయితే మాకే అసలైన ఉగాది అన్నమాట" అంది. సరే, తల్లీ, మరి వేపపువ్వో అన్నాను. కిందటేడు నేను ఎండబెట్టి పంపినది ఫ్రిజ్‌లో సీసాలో ఇంకా సగం ఉందట.