ఎండల్లో లేపాక్షికి వెళ్తున్నారా? ముందు మధ్యాహ్నం భోజనం సంగతి చూసుకోండి

మాది హిందూపురం. లేపాక్షి మాకు 15 కిలోమీటర్లు. ఏప్రిల్, మే నెలలొస్తే విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో చుట్టాలు దిగుతారు, దిగిన మర్నాడే లేపాక్షి ప్రయాణం. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూడాలని అందరికీ ఉంటుంది. గుడి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడికి వెళ్ళినరోజు తిండి ఎలా చూసుకోవాలో చెప్పేవాళ్ళు తక్కువ. పిల్లల్ని, పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట మే నెలలో మా ఆడపడుచు కుటుంబంతో వెళ్ళాం. ఇంట్లో బయల్దేరేసరికే పదకొండు దాటింది, అదే మొదటి తప్పు. గుడిలోంచి బయటపడేసరికి రెండుంబావు. రెండు చోట్ల అడిగితే అన్నం అయిపోయిందన్నారు. మూడోచోట పొద్దున కలిపిన చిత్రాన్నం మిగిలి ఉంది, పక్కన స్టీలు గిన్నెలో కొబ్బరి చట్నీ. గరిటె ఎత్తినప్పుడు చట్నీ సన్నగా తీగలా సాగింది. నేను చూశాను. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, ఒక్క పూటకి ఏమవుతుందిలే అని ఊరుకున్నాను. ఆకలి రుచి ఎరుగదంటారు కదా, అందరూ తిన్నారు. సాయంత్రం ఆరింటికి మా ఆడపడుచు కొడుక్కి వాంతులు మొదలయ్యాయి. వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ రాత్రంతా ఆసుపత్రిలో సెలైన్ సీసా కింద కూర్చున్నాం. ఆ చట్నీ తీగ నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఆ హోటల్ వాళ్ళను తిట్టడానికి ఇది చెప్పడం లేదు. చిన్న ఊళ్ళో వంట ఎలా సాగుతుందో మనం తెలుసుకోకుండా వెళ్తాం, చిక్కంతా అక్కడే వస్తుంది.

లేపాక్షి పేరు పెద్దది, ఊరు చిన్నది. బెంగళూరు నుంచి 120 కిలోమీటర్లే కాబట్టి శని, ఆదివారాల్లో పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు కార్లకొద్దీ వస్తారు. అక్కడి చిన్న హోటల్ అంటే చాలావరకు ఒక కుటుంబమే. భార్య వండుతుంది, భర్త వడ్డిస్తాడు, కొడుకో కూతురో డబ్బులు తీసుకుంటారు. ఎన్ని కిలోల బియ్యం పొయ్యి మీద పెట్టాలో వాళ్ళకు అలవాటు మీద ఒక లెక్క ఉంటుంది. వండింది మిగిలితే నష్టం కాబట్టి తక్కువే వండుతారు. అయిపోతే మళ్ళీ ఎసరు పెట్టరు. ఒంటిగంటన్నర దాటాక వెళ్తే మీ ముందుకు వచ్చేది అడుగూబొడుగూ. చల్లారిపోయిన సాంబారు, పొద్దుటి టిఫిన్‌లో మిగిలినవి కూడా అప్పుడే బయటికొస్తాయి. ఎండాకాలంలో ప్రమాదం సరిగ్గా ఆ గంటలోనే ఉంది.

వండిన పదార్థం 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిలో నిలవుంటే అందులో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. మామూలు రోజుల్లో వండిన తిండిని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదంటారు. బయటి వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటే. మే నెలలో మా వైపు పొద్దున పదింటికే 32 దాటేస్తుంది. అన్నంతో ఇంకో చిక్కుంది. బియ్యంలో ఉండే ఒకరకం బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి మేలుకుని విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకే పొద్దుటి అన్నాన్ని మధ్యాహ్నం పోపు పెట్టి వేడివేడిగా ఇచ్చినా నమ్మకూడదు. పొగలు వస్తున్నంత మాత్రాన అది అప్పుడు వండినట్టు కాదు.

ముందే చెప్పి పెట్టుకోవాలి

ఆ రోజు తర్వాత మా ఇంట్లో పద్ధతి మార్చేశాం. పొద్దున ఏడున్నరకల్లా హిందూపురంలోనే టిఫిన్ ముగించాలి. రైల్లో వచ్చేవాళ్ళు దిగేదీ హిందూపురంలోనే కాబట్టి వాళ్ళకూ ఇదే వీలు. జాతీయ రహదారి మీద కారులో వచ్చేవాళ్ళు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర లేపాక్షి వైపు తిరుగుతారు. ఆ తిరిగే ముందే ఎక్కడో ఒకచోట కడుపు నింపుకోవడం మంచిది.

లేపాక్షి చేరగానే గుడికి పరుగెత్తకండి. ముందు ఊళ్ళో ఒక చుట్టు తిరిగి, వంట మొదలవుతున్న మెస్ ఒకటి చూసుకుని లోపలికి వెళ్ళండి. "అక్కా, మేం ఏడుగురం. పన్నెండున్నరకి వస్తాం. మాకు కూడా కలిపి బియ్యం వెయ్యండి" అని చెప్పి రెండొందలు అడ్వాన్స్ ఇవ్వండి. ఈ ఒక్క పనితో సగం టెన్షన్ పోతుంది. వాళ్ళకు లెక్క తెలుస్తుంది, మీకు వేడి అన్నం దొరుకుతుంది. చెప్పిన టైముకి మాత్రం తప్పకుండా వెళ్ళండి. ఏడుగురికి వండించి రాకపోతే ఆ చిన్న సంసారానికి అది పెద్ద దెబ్బ. పర్యాటక శాఖ హోటల్ కూడా ఉంది. అక్కడైనా ఎక్కువమంది వెళ్తున్నప్పుడు ముందుగా ఫోన్ చేసి ఆ రోజు భోజనం ఉందా అని కనుక్కోవడమే మేలు.

ముందు నంది దగ్గరికి వెళ్ళండి. ఒకే రాతిలో చెక్కిన బసవన్న, సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. ఆరుబయట ఉంటాడు కాబట్టి ఎండ ముదరకముందే చూడాలి. తర్వాత గుడికి. చెప్పులు బయటే వదలాలి, ప్రాంగణమంతా రాతి బండలు, పదకొండు దాటితే అడుగు పెట్టలేం. మందపాటి సాక్సులు తెచ్చుకోండి. పన్నెండింటికి బయటికి వచ్చేయండి. చూడాల్సినవి మిగిలితే తిన్నాక, ఎండ తగ్గాక మళ్ళీ వెళ్ళొచ్చు.

గుడిలో ఏడు పడగల నాగలింగం దగ్గర గైడ్లు ఒక కథ చెబుతారు. తల్లి వంట పూర్తిచేసేలోపు శిల్పులు ఆ నాగుణ్ణి చెక్కేశారట. కొంచెం అవతల నేలబండ మీద పళ్ళేల్లాంటి గుంటలు చెక్కి ఉంటాయి, పక్కన చిన్న చిన్న గిన్నెల్లాంటి పల్లాలతో సహా. గుడి కట్టిన పనివాళ్ళు వాటిలోనే అన్నం తినేవాళ్ళని కొందరు, రంగులు కలుపుకునేవాళ్ళని కొందరు అంటారు. నేను ప్రతిసారీ అక్కడ కాసేపు కూర్చుంటాను. 16వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో, అంతమంది ఎండలో రాళ్ళు చెక్కుతుంటే వాళ్ళకు పొద్దుకి కూడు అందించడమే ఒక పెద్ద పని అయి ఉంటుంది. పిల్లలకు ఆ పళ్ళేలు తప్పకుండా చూపించండి.

ఏది తినొచ్చు, ఏది వద్దు

మా వైపు తిండిలో ఎండాకాలానికి అచ్చంగా సరిపోయేవి ఉన్నాయి. రాగి సంగటి వాటిలో మొదటిది. కుతకుత ఉడుకుతున్న పిండిని కట్టెతో గెలికి, చెయ్యి తడిచేసుకుని వేడిమీదే ముద్ద చేస్తారు. తయారైన వెంటనే తింటే దానంత నమ్మకమైన తిండి లేదు. దాంట్లోకి ఆకుకూర పప్పో, వేడి పులుసో వేయించుకోండి. నాటుకోడి పులుసు కావాలంటే కూర ఈ రోజు పొద్దున చేసిందేనా అని మొహమాటం లేకుండా అడగండి. మాంసం విషయంలో సరైన జవాబు రాకపోతే ఆ పూటకి పప్పుతో సరిపెట్టుకోండి.

ఉగ్గాని బజ్జి పొద్దుటి పూట తినాలి, అదీ మీ కళ్ళముందు కలిపితేనే. బొరుగుల్ని (మరమరాల్ని) నీళ్ళలో తడిపి, గట్టిగా పిండేసి, తాలింపు వేస్తారు. తడిపాక వాటిని మళ్ళీ ఉడికించరు, కాబట్టి ఆ నీళ్ళు ఎలాంటివో అన్నదే ముఖ్యం. మిరపకాయ బజ్జి అప్పుడే నూనెలోంచి తీసిందైతే భయం లేదు.

కొబ్బరి చట్నీ మధ్యాహ్నం వద్దే వద్దు. పచ్చి కొబ్బరి, నీళ్ళు కలిసి ఎండలో రెండు మూడు గంటల్లోనే పులుస్తాయి. బదులుగా పుట్నాల పొడి, చెనిక్కాయల (వేరుశనగ) పొడి అడగండి. పొడిగా ఉన్నవి త్వరగా చెడవు. మజ్జిగ మంచిదే అయినా అందులో కలిపిన నీళ్ళు, ఐస్ ఎక్కడివో తెలియకపోతే తాగకండి. చెరకు రసం కూడా అంతే. కోసిపెట్టిన పుచ్చకాయ ముక్కల మీద ఈగలు వాలి ఉంటాయి, కాయ మొత్తం కొని మీ కత్తితో మీరే కోసుకోండి. అన్నిటికంటే ముందుగా కొబ్బరి బోండాం, మీ ముందు కొట్టించుకున్నది.

హోటల్లో కూర్చునే ముందు రెండు విషయాలు చూడండి. ఒకటి, స్థానికులు తింటున్నారా. డ్రైవర్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, స్కూలు టీచర్లు పన్నెండున్నర, ఒంటిగంట మధ్య ఎక్కడ కూర్చుంటే అక్కడ అన్నం వేడిగా ఉంటుంది. రెండు, పళ్ళేలు ఎక్కడ కడుగుతున్నారు. ఒకే తొట్టెలో ముంచి తీస్తుంటే ఆకు అడగండి. ఇస్తరాకైనా అరటాకైనా మీ సీసా నీళ్ళతో ఒకసారి కడిగి పరుచుకోండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు 14 అంకెల నంబరుతో ఉంటుంది, గోడ మీద కనిపిస్తే మంచిదే. అయినా నాకు ఆ కాగితం కంటే తొట్టె చూశాకే నమ్మకం కలుగుతుంది.

నీళ్ళు ఇంటినుంచే మనిషికి రెండు లీటర్ల లెక్కన తెచ్చుకోండి. కొనాల్సివస్తే మూత కింది రింగు తెగలేదని చూసుకోండి.

సద్ది కట్టుకుని వచ్చేవాళ్ళు పులిహోర తెచ్చుకోవచ్చు, చింతపండు పులుపు, నూనె దాన్ని కొంత కాపాడతాయి. అదైనా తెల్లవారుజామున చేసింది మధ్యాహ్నానికి ముగించాలి. పెరుగన్నం వద్దు. డబ్బాలు కారు డిక్కీలో పెట్టకండి, ఎండలో నిలిపిన కారు లోపల బయటికంటే చాలా వేడి. గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అనుమతించిన చోట తప్ప లోపల వండుకోవడం, తినడం నిషేధం. కోతులున్నచోట చేతిలో తిండి కవరు కనబడనివ్వకండి.

శివరాత్రికి, కార్తీక సోమవారాలకు వచ్చేవాళ్ళకు ఎండ బాధ తక్కువ, జనం బాధ ఎక్కువ. అన్నదానం ఉంటే మొదటి బంతిలోనే కూర్చోండి.

సుగర్ ఉన్నవాళ్ళు

మా మామగారికి సుగర్. ఆ రోజు ఆయన పొద్దున మాత్ర వేసుకుని రెండున్నర దాకా ఏమీ తినలేదు. గుడి బయట మెట్ల మీద కూర్చుని చొక్కా తడిసిపోయేలా చెమటలు, చేతులు వణుకు. ఎండ అనుకున్నాం. మా ఆడపడుచు బ్యాగులో చాక్లెట్లు ఉండబట్టి సరిపోయింది. కొన్నిరకాల సుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకు భోజనం ఆలస్యమైతే ఒంట్లో చక్కెర పడిపోవచ్చు. అలా అనిపించగానే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్ళలో కలిపి ఇవ్వాలి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ అంతే ఇచ్చి, తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. భోజనం ఆలస్యమైతే తినడానికి పెద్దవాళ్ళ జేబులో బెల్లం చెనిక్కాయల చిక్కీ రెండు ముక్కలు పెట్టి పంపండి. మా ఊళ్ళో ఏ కొట్లో అయినా దొరుకుతుంది.

కడుపు తేడా చేస్తే

ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు బ్యాగులో ఉండాలి. పెద్ద పొట్లం ఒకటి సరిగ్గా లీటరు నీళ్ళకు, మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొట్లం అరలీటరుకి అని కొలవకండి, లెక్క తప్పుతుంది. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్ళలో తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా పట్టండి. మేం ఆ రాత్రి గ్లాసు గ్లాసు తాగించాం, పిల్లవాడు తాగినదంతా కక్కేశాడు. విరేచనాలు కట్టే మాత్రలు పిల్లలకు మీ అంతట మీరు వెయ్యకండి. ఆరు గంటలైనా మూత్రం రాకపోయినా, కళ్ళు గుంటలు పడినా, విరేచనంలో రక్తం కనిపించినా, పిల్లవాడు మగతగా పడుకుని లేవకపోయినా ఇంట్లో కూర్చోవద్దు. లేపాక్షి నుంచి హిందూపురం ప్రభుత్వ ఆసుపత్రికి అరగంట.

ఈ మే నెలలో మా ఆడపడుచు వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. పిల్లవాడికి ఇప్పుడు పదకొండేళ్ళు, నాగలింగం పక్కన పళ్ళేలు ఎన్నున్నాయో ఈసారి లెక్కపెడతాడట. మెస్ అక్కకి నిన్ననే ఫోన్ చేశాను. ఎనిమిదిమందికి, పన్నెండున్నరకి, సంగటి, పాలకూర పప్పు. పిల్లవాడికి కారం తగ్గించమని చెప్పాను.