కాలేజీలో పొగాకు వ్యతిరేక బృందం ఎలా పెట్టాలి? ముందు డబ్బు సంగతి తేల్చుకోండి

మే 31, పొగాకు వ్యతిరేక దినం వస్తే చాలు, తిరుపతిలో ఏ కాలేజీ చూసినా అదే తంతు. ఫ్లెక్సీ కట్టి, బాలాజీ కాలనీ దాకా ర్యాలీ తీసి, ప్రతిజ్ఞ చేసి, ఫోటో దిగి ఇంటికి పోతారు. జూన్ 1న గేటు పక్క బంకులో విడి సిగరెట్లు మామూలే. పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నా. ర్యాలీతో మొదలైన బృందం మరుసటి మే చూసింది లేదు.

మనుషులు పదిమంది చాలు. సగం మందైనా ఊళ్లో ఉండేవాళ్లు కావాలి, లేకుంటే సంక్రాంతి సెలవులకే బృందం ఖాళీ. సిగరెట్ మానేసినవాడు ఒకడు దొరికితే బంగారం, వాడు ఉపన్యాసాలు దంచడు. ఎన్ఎస్ఎస్ యూనిట్ కింద పెట్టుకుంటే రిజిస్ట్రేషన్ గోల ఉండదు.

సామాను: పొడవాటి టేపు, పసుపు పెయింటు, బ్రష్షు, లెక్కల పుస్తకం. టీషర్టులు వద్దు. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం విద్యాసంస్థ చుట్టూ 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు. కొలవాల్సింది గేటు నుంచి కాదు, కాంపౌండ్ గోడ బయటి అంచు నుంచి, అన్నివైపులా, 91 మీటర్ల పైచిలుకు. ఆ హద్దు దగ్గర పసుపు గీత గీయాలి. గేటు నుంచి కొలిచి వెనక సందులో బంకుని వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఇక డబ్బు. అందరూ బోల్తాపడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

మొదట్లో మేమూ పడ్డాం. ఒక ట్రస్టు వాళ్లు వచ్చి ఖర్చంతా మాది అన్నారు, సంబరపడ్డాం. కరపత్రాల కట్ట విప్పితే, ఫస్టియర్ అమ్మాయి ఒకటి తీసి నా ముందు పెట్టింది: 'పొగ తాగడం పెద్దల నిర్ణయం. 18 దాకా ఆగు.' రెండుసార్లు చదివితే గానీ నాకు వెలగలేదు. తాగొద్దని ఎక్కడా లేదు, ఆగమని ఉంది! తవ్వుకుంటూ పోతే ఆ ట్రస్టుకు డబ్బిచ్చేది పొగాకు వ్యాపారమే. కట్ట తిప్పి పంపేశాం.

ఇది కొత్త ఎత్తేం కాదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం సిగరెట్ కంపెనీల మీద కేసు వేసి 1997లో 1,130 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఆ సొమ్ములో కొంత తీసి 1998లో 'ట్రూత్' ప్రచారం, 'స్వాట్' అనే విద్యార్థి బృందం పెట్టారు. ఆరోగ్యం పాఠాలు చెప్పకుండా, కంపెనీలు మీకు ఏం దాచాయో చూడండి అన్నారు. అదే ఏడాది ఫిలిప్ మోరిస్ అనే సిగరెట్ కంపెనీ తన సొంత డబ్బుతో 'ఆలోచించు, పొగ తాగకు' అని ప్రకటనలు మొదలుపెట్టింది. 2002లో వచ్చిన పరిశోధనలో, కంపెనీ ప్రకటనలు చూసిన పిల్లలకు పొగాకు కంపెనీల మీద సదభిప్రాయం పెరిగిందని తేలింది. రెండుచోట్లా సొమ్ము కంపెనీలదే. ఒకచోట కోర్టుకెక్కి రాబట్టింది, పెత్తనం వాళ్లకు లేదు. రెండోచోట పెత్తనమంతా వాళ్లదే. మీరు అడగాల్సింది ఆ పెత్తనం గురించే.

2017లో ఫిలిప్ మోరిస్ ఇంటర్నేషనల్ ఏటా 8 కోట్ల డాలర్ల చొప్పున పన్నెండేళ్లు ఇస్తానని 'పొగ లేని ప్రపంచం' పేరుతో ఒక ఫౌండేషన్ పెట్టించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానితో చేతులు కలపనని తేల్చి చెప్పింది. అంత పెద్ద సంస్థే వద్దన్నాక మనకెందుకు?

కాబట్టి అలిపిరిలో బ్యాగు విప్పి చూసినట్టు ప్రతి రూపాయినీ విప్పి చూడండి. కంపెనీ అయితే దాని మాతృసంస్థ ఏది, డైరెక్టర్లు ఎవరు అన్నది కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో వెతకండి. ట్రస్టు అయితే వార్షిక నివేదిక అడగండి. ఆపైన 'సిగరెట్, బీడీ, ఖైనీ, గుట్కా తయారీదారుల నుంచి గానీ, వాళ్ల అనుబంధ సంస్థల నుంచి గానీ మాకు డబ్బు రాదు' అని రాసిమ్మనండి. సంతకానికి నసిగితే టీ తాగించి సాగనంపండి. విదేశీ విరాళమైతే ముట్టుకోకండి, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోవడం నేరం.

ఒక పిల్లాడు అడిగాడు: "సార్, మాది ప్రకాశం. మా నాయన పొగాకే వేస్తాడు. నా ఇరవై రూపాయలు తీసుకుంటారా?" తీసుకున్నాం. రైతు వేరు, కంపెనీ వేరు. ఇందులో నాతో వాదించేవాళ్లున్నారు, వాదించనీ.

మరి డబ్బెక్కడిది? నెలకు తలా ఇరవై, పాత విద్యార్థులిచ్చేది కొంత, కాలేజీ ఇచ్చేది కొంత. ఒక్క కుండనే నమ్ముకోవద్దు. ఫ్లోరిడాలో చట్టసభ 2003లో ఆ నిధులు దాదాపు ఊడ్చేసింది. 2006లో జనం ఓటేసి రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించాకగానీ తిరిగి రాలేదు. ఖాతాకి రెండు సంతకాలు, అందులో ఒకటి అమ్మాయిది. ఎందుకని అడక్కండి, అంతే.

తర్వాతంతా సులువు. బంకాయన దగ్గరికి మొదట నలుగురే వెళ్లి గీత చూపించండి, అరవకండి. నెలలో మారకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు. జరిమానా 200 రూపాయల దాకానే, కానీ రెండోసారి కట్టేటప్పుడు మొహం మాడుతుంది.

పసుపు గీత మాత్రం జనవరిలో గీయండి. అక్టోబర్లో గీస్తే నవంబర్ వానలు కడిగేస్తాయి, మళ్లీ డబ్బా కొనాలి.